మల్టీపోర్ట్ వాల్వ్‌లో వింటర్ స్థానం: కొరాపుట్ కొండల్లో వాడి చూశాక

ఈతకొలను (పూల్) నీటిని ఇసుకతో వడగట్టే శాండ్ ఫిల్టర్ నెత్తిన, నీటి దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వ్ ఉంటుంది. అందులో ఫిల్టర్ (వడపోత), బ్యాక్‌వాష్ (నీటిని వెనక్కి పంపి ఇసుక కడగడం), రిన్స్ (కడిగాక తొలి నీటిని బయటికి వదలడం) అందరూ తిప్పేవే. వింటర్ అని రాసిన చోటికి హ్యాండిల్‌ను తిప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఈ వాల్వ్ మీద నా అభిమానమంతా ఆ ఒక్క స్థానం వల్లే.

కారణం స్పైడర్ గాస్కెట్. బండిచక్రం ఆకుల్లా ఉండే ఈ రబ్బరు మీదికి, హ్యాండిల్‌తో పాటు తిరిగే రోటర్‌ను ఒక గట్టి స్ప్రింగు అదిమిపెడుతుంది. ఒక దారిలో నీళ్లు ఇంకో దారిలోకి పోకుండా ఆపేది ఆ ఒత్తిడే. పూల్ మూసేసి హ్యాండిల్‌ను నెలల తరబడి క్లోజ్డ్ మీద వదిలేస్తే రబ్బరు ఒకేచోట అణిగి, అచ్చు పడి, మళ్లీ లేవదు. వింటర్‌లో పెడితే రోటర్ కాస్త పైకి లేచి ఉంటుంది, రబ్బరు మీద భారం పడదు.

గాస్కెట్ పోతే ఏమవుతుందో మా పూల్ బాగానే చూపించింది. ముందు నీటిమట్టం తగ్గడం మొదలైంది. ఇలాంటప్పుడు చూసినవాళ్లంతా టైల్స్ పగిలాయనీ, పూల్ ఖాళీ చేయాలనీ అంటారు. ఆ మాట వినకండి. అక్టోబరు, నవంబరు వాయుగుండాల తర్వాత ఇక్కడ భూమిలో నీరు పైకి ఉంటుంది. ఖాళీ పూల్‌ను కింది నుంచి ఆ నీరు ఎత్తేయగలదు. బకెట్ నిండా పూల్ నీళ్లే నింపి మెట్టు మీద పెట్టి, లోపలి మట్టానికీ బయటి మట్టానికీ గీతలు గీసి, మోటారు ఆపి 24 గంటలు చూడాలి. రెండూ సమానంగా దిగితే ఆవిరి, పూల్ ఎక్కువ దిగితే లీకు. అప్పుడు కూడా మేస్త్రీని పిలిచే ముందు మురికి నీరు బయటికి పోయే వేస్ట్ పైపు చివర చూడండి. హ్యాండిల్ ఫిల్టర్ మీద ఉండగా అక్కడ సన్నధార కారుతుంటే దోషం గాస్కెట్‌దే. మా ఫిల్టర్ గది నీటిమట్టానికి కిందుంది కాబట్టి మోటారు ఆపినా ధార ఆగలేదు.

మార్చడం కష్టం కాదు, తొందర పనికిరాదు. మోటారు ఆపి, సక్షన్ (పూల్ నుంచి నీరు వచ్చే), రిటర్న్ (పూల్‌కు తిరిగి వెళ్లే) పైపుల వాల్వ్‌లు మూసి, ట్యాంకులో ఒత్తిడి వదలాలి. మూతకూ బాడీకీ కలిపి మార్కర్‌తో గీత గీసుకున్నాకే స్క్రూలు విప్పాలి, లేకపోతే మూత తిరగబడి గుర్తులన్నీ తప్పుతాయి. గాడిలో పాత జిగురు, ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా కొత్త రబ్బరు సరిగ్గా కూర్చోదు. ఓ-రింగులకు (నీరు కారకుండా ఉండే గుండ్రటి రబ్బరు రింగులకు) సిలికాన్ గ్రీజే రాయాలి, పెట్రోలియం జెల్లీ రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఒకే పక్క లాగేస్తే ప్లాస్టిక్ మూత చిట్లుతుంది. అసలు గాస్కెట్ మడతపడేది ఎక్కువగా మోటారు నడుస్తుండగా హ్యాండిల్ తిప్పడం వల్లనే.

ఇక వింటర్ స్థానం గురించి వాల్వ్‌తో వచ్చే చిన్న పుస్తకంలో రాయని సంగతి. అందులో దారులన్నీ ఒకదానికొకటి తెరుచుకుంటాయి. వేస్ట్ లైనుకు విడిగా బాల్ వాల్వ్ లేకపోతే పూల్ నీళ్లు ఆ దారినే బయటికి పోతాయి. కాబట్టి సక్షన్, రిటర్న్, వేస్ట్ మూడూ మూసి, మోటారు స్విచ్‌కు తాళమో చీటీయో తగిలించాలి. ఆ స్థానంలో మోటారు వేయకూడదు.

ఇంకో మాట. ఇది చలిదేశాల కోసం పెట్టిన స్థానం. అక్కడ నీరు గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బి పైపులు పగులుతాయి. సెమిలిగూడ, సునాబెడలో జనవరి చలి ఒంటి అంకె డిగ్రీలకు దిగినా పూల్ నీరు గడ్డకట్టదు. గాలి ఊది పైపుల్లో నీరు తీసేయడం, నీరు గడ్డకట్టకుండా యాంటీఫ్రీజ్ పోయడం ఇక్కడ దండగ. మనకు గొడవంతా నీలగిరి ఆకులతో, నాచుతో, దోమలతో. మలేరియా ఉన్న జిల్లా ఇది, నీరు కదలకుండా ఉంచడం మంచిది కాదు. మనిషి ఉన్న ఇంట్లో వల కప్పి, రోజూ రెండు గంటలు మోటారు వేసి, పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒక వంతు లెక్క) మధ్య ఉంచితే చాలు. అలాంటప్పుడు వింటర్ స్థానానికి పనే లేదు.

ఇల్లు తాళం వేసి వెళ్లేవాళ్లకే దాని విలువ. వెళ్లేముందు వాల్వ్ పక్కన నీరు కనబడే అద్దం తేటపడేదాకా బ్యాక్‌వాష్, తర్వాత అర నిమిషం రిన్స్ చేయాలి, లేకపోతే మురికితో ఇసుక గడ్డకడుతుంది. 50,000 లీటర్ల పూల్‌కు క్లోరిన్ 5 పీపీఎం పెంచాలంటే 65 శాతం క్యాల్షియం హైపోక్లోరైట్ (క్లోరిన్ పొడి) సుమారు 385 గ్రాములు పడుతుంది. దాన్ని టీసీసీఏ అనే ఇంకో రకం క్లోరిన్ బిళ్లలతో ఒకే డబ్బాలో కలపొద్దు, ప్రమాదం. సాయంత్రం వేసి, రాత్రంతా తిప్పి, మర్నాడు వాల్వ్‌లు మూసి హ్యాండిల్ వింటర్‌కు తిప్పండి. తర్వాత కూడా వారానికోసారి ఎవరో ఒకరు వచ్చి నీళ్లలో దోమపిల్లలు ఉన్నాయేమో చూడాల్సిందే.

మా ఇంట్లో చలికాలం కొంత భాగం ఎవరూ ఉండరు, అందుకే నాకు ఇది నచ్చింది. ఏడాదంతా తోటమాలి ఉండే ఇంటికి నాలుగు స్థానాల వాల్వ్ కూడా సరిపోతుంది. ఏది కొన్నా గాస్కెట్ ఒకటి అదనంగా అప్పుడే తెచ్చుకోండి. జయపురంలో దొరక్కపోతే విశాఖ నుంచి తెప్పించాలి. ఒకటిన్నర అంగుళం వాల్వ్‌ది రెండంగుళాల దానికి పట్టదు, కాబట్టి మూత మీది మోడల్ నంబరు ముందే రాసి పెట్టుకోండి.