స్టాక్ ఓవర్‌ఫ్లోలో జోకులు, ఆఫ్ టాపిక్ ప్రశ్నలు: చాన్నాళ్లు వాడాక నా అభిప్రాయం

స్టాక్ ఓవర్‌ఫ్లో అంటే ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగి జవాబులు చెప్పుకునే సైటు. కోడ్ రాయడం మొదలుపెట్టిన కొత్తల్లో అలవాటైంది, ఇప్పటికీ వదల్లేదు. దీని మీద అందరికీ ఉన్న ఫిర్యాదు ఒకటే: ప్రశ్న అడిగీ అడగ్గానే ఆఫ్ టాపిక్, అంటే సైటు విషయానికి చెందనిది, అని మూసేస్తారని. 2008లో సైటు మొదలైనప్పుడు ఇంత కట్టడి లేదు. మీకు నచ్చిన ప్రోగ్రామింగ్ కార్టూన్ ఏదని అడిగితే జవాబులు కుప్పలుగా వచ్చిపడేవి. తర్వాత అలాంటివాటికి తాళం వేశారు. ఏ పుస్తకం చదవాలి, ఏ టూల్ వాడాలి అన్నవీ కుదరవన్నారు.

నా మటుకు ఆ కట్టడి సబబే. అర్ధరాత్రి సర్వర్ పడిపోయి, ఎర్రర్ మెసేజ్ పట్టుకుని వెతికేవాడికి జోకులన్నీ దాటుకుంటూ జవాబు దాకా వెళ్లే ఓపిక ఉండదు.

అలాగని హాస్యం పోలేదు, విషయం ఉన్నచోట నిలబడింది. 2009లో ఒకరు సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాషలో '-->' అంటే ఏ ఆపరేటర్ (లెక్క, పోలిక లాంటివి చేసే గుర్తు) అని అడిగారు. మళ్లీ మళ్లీ తిరిగే లూప్‌లో ఎక్స్ అనే చరరాశికీ సున్నాకీ మధ్య దాన్ని రాస్తే, చూడ్డానికి ఎక్స్ సున్నా వైపు వెళ్తున్న బాణంలా ఉంటుంది. నిజానికి అది ఒక ఆపరేటర్ కాదు, రెండు: విలువను ఒకటి తగ్గించే '--', దాని పక్కనే పోల్చి చూసే '>'. అంతటితో ఆగలేదు. బాణాన్ని తిప్పి, పొడుగు చేసి '0 <---- ఎక్స్' అని రాస్తే వేగం పెరుగుతుందని ఇంకొకరు చూపించారు. పెరుగుతుంది కూడా! '--' రెండుసార్లు పడింది కాబట్టి ఎక్స్ రెండేసి చొప్పున తగ్గుతుంది. సీ భాషలో మాత్రం ఇది కంపైల్ అవదు, అంటే కంప్యూటర్ నడిపే రూపంలోకి మారదు; అక్కడ ఒకసారి '--' వేశాక వచ్చేది ఉత్త విలువే, దాన్ని మళ్లీ తగ్గించడం కుదరదు. ఆ తేడా నా బుర్రకెక్కింది ఈ జోకు వల్లే. ఏ పాఠమూ ఇంత గట్టిగా గుర్తుండలేదు.

అక్షరాల నమూనాలతో వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో, వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌ను పార్స్ చేయొద్దంటూ (విడదీసి చదవొద్దంటూ), రాన్రానూ అక్షరాలే చెదిరిపోయే జవాబు కూడా 2009దే. ఎవరూ సరిదిద్దకుండా దానికీ తాళం వేశారు. మంచి పని చేశారు.

నాకు నచ్చనిది కొత్తవాళ్ల సంగతి. పిచ్చాపాటీకి చాట్ రూములున్నా, అక్కడ నోరు విప్పాలంటే చాలా ఏళ్లపాటు 20 రెప్యుటేషన్ పాయింట్లు (ప్రశ్నలు, జవాబులు నచ్చితే సైటులో వచ్చే మార్కులు) కావాల్సి వచ్చేది. కొత్తవాడికి ఉండేది ఒక్కటి. ప్రశ్న మూసేయండి, తప్పులేదు. మూసేముందు ఎక్కడ అడగాలో ఒక్క కామెంట్‌లో చెప్పండి. అది చేసేవాళ్లు అక్కడ ఉన్నారు, కానీ చాలా తక్కువ.