తెల్లబట్ట, దురద: పెరుగా, వేపాకా, మాత్రా? ఏది మేలు?

"వేడి చేసిందిలే అమ్మాయ్" అంది పిన్ని ఫోన్లో. గుంటూరులో మే నెల, ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ అన్నీ అయ్యాయట. వారం నుంచి వేపాకు కాచిన నీళ్లతో కడుక్కుంటోందట. దురద తగ్గకపోగా మంట మొదలైంది. డాక్టరు దగ్గరికి వెళ్లమంటే, "ఈ వయసులో ఆ మాట ఎవరితో చెప్పుకోను?" అంది.

నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చేదే ఈ ఈస్ట్ ఇన్ఫెక్షన్. క్యాండిడా అనే ఈస్ట్, అంటే కంటికి కనబడని ఒక శిలీంధ్రం, మన నోట్లో, పేగుల్లో, యోనిలో ఎప్పుడూ కాస్త ఉంటూనే ఉంటుంది. యాంటీబయాటిక్ కోర్సు వాడాకో, గర్భంతో ఉన్నప్పుడో, షుగర్ పెరిగినప్పుడో అది అదుపు తప్పుతుంది. కానీ తెల్లబట్ట అంతా ఈస్ట్ కాదు. విరిగిన పాల ముక్కల్లా ఉండి, పెద్దగా వాసన లేకుండా, కూర్చోనివ్వనంత దురద ఉంటే ఈస్ట్ అయ్యే అవకాశం ఎక్కువ. పల్చగా, నీచు వాసనతో ఉంటే అది బాక్టీరియా తెచ్చిన తంటా. దానికి ఈస్ట్ మందు దండగ.

ముందు తీపి మానేయడం సంగతి చూద్దాం. 1980ల్లో విలియం క్రూక్ అనే అమెరికన్ డాక్టరు నీరసం, తలనొప్పి, దిగులు అన్నిటికీ ఈస్టే మూలం అని రాశాక 'క్యాండిడా డైట్' ఊపందుకుంది. చక్కెర వద్దు, పండ్లు వద్దు, మైదా వద్దు, పులిసినదేదీ వద్దు. అయితే 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న 28 మందికి కావాలనే తీపి ఎక్కువగా పెట్టి చూస్తే, పేగుల్లో క్యాండిడా చెప్పుకోదగ్గంత పెరగలేదు. అంటే షుగర్ జబ్బు లేని మనిషి లడ్డూ మానేసినంత మాత్రాన దురద తగ్గుతుందన్న ఆశ పెట్టుకోనక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లది వేరే కథ, దానికి మళ్లీ వస్తాను.

మా ఆఫీసులో ఒకమ్మాయి ఈ డైట్ పేరుతో మూడు నెలలు ఇడ్లీ ముట్టలేదు. పాపం, ఇడ్లీ పిండిని పొంగించేది ప్రధానంగా బాక్టీరియా. అందులో కాస్తోకూస్తో ఈస్ట్ ఉన్నా ఆవిరికి చచ్చిపోతుంది. బ్రెడ్‌లో వేసే ఈస్ట్‌కీ క్యాండిడాకీ ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు.

పెరుగు విషయం ఇంత తేలిగ్గా కొట్టిపారేయలేం. 1992లో అమెరికాలో ఒక పరీక్ష జరిగింది. మాటిమాటికీ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లు లాక్టోబాసిల్లస్ అసిడోఫిలస్ అనే మంచి బాక్టీరియా ఉన్న పెరుగు రోజూ ఎనిమిది ఔన్సులు, అంటే సుమారు 225 గ్రాములు తిన్నారు. తినని ఆరు నెలల్లో సగటున 2.54 సార్లు వచ్చిన ఇన్ఫెక్షన్, తిన్న ఆరు నెలల్లో 0.38కి పడిపోయింది. గొప్పగానే ఉంది. కానీ మొదలుపెట్టింది 33 మంది, చివరిదాకా నిలిచింది 13 మంది. పైగా అది ఫలానా బాక్టీరియా ఉందని చూసి ఎంచిన పెరుగు. మన ఇంట్లో నిన్నటి పెరుగు తోడేస్తే ఏ బాక్టీరియా పెరుగుతుందో, అందులో అసిడోఫిలస్ ఉందో లేదో ఎవరికి తెలుసు? 2004లో ఆస్ట్రేలియాలో యాంటీబయాటిక్స్ వాడుతున్నవాళ్లకు లాక్టోబాసిల్లస్ ఇచ్చి చూస్తే, ఈస్ట్ రాకుండా అది ఆపలేకపోయింది.

నా లెక్కలో పెరుగు మంచి తిండి, మందు కాదు. రోజూ తింటే పోయేదేమీ లేదు. దూదికి రాసి లోపల పెట్టుకోమని చెప్పేవాళ్లున్నారు, వినకండి.

వేపాకు, వెల్లుల్లి, కొబ్బరి నూనె. ఈ మూడూ ల్యాబ్‌లో గాజు పళ్లెంలో పెట్టిన ఈస్ట్ మీద పనిచేశాయన్నది నిజమే. నైజీరియాలోని ఇబదాన్‌లో 2007లో కొబ్బరి నూనె మీద చేసిన పరీక్ష గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు, అదీ పళ్లెంలోనే. 2014లో ఆస్ట్రేలియాలో 63 మంది ఆడవాళ్లకు వెల్లుల్లి మాత్రలు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్లకూ వీళ్లకూ తేడా కనబడలేదు. ఇక వెల్లుల్లి రెబ్బను లోపల పెట్టుకుంటే కాలుతుంది. వేప నీళ్లు, డెట్టాల్, వెనిగర్ ఏవైనా సరే, లోపలిదాకా కడిగితే ఈస్ట్‌ను అదుపులో పెట్టే మంచి బాక్టీరియా కూడా కొట్టుకుపోతుంది. పిన్నికి మంట అందుకే. కొబ్బరి నూనె ఒక్కటి పైపైన, ఒరుసుకుపోయిన చోట రాస్తే హాయిగా ఉంటుంది, అంతవరకే.

మందుల్లో ఫ్లుకోనజోల్ 150 ఒక్క మాత్ర, లేదంటే రాత్రిపూట లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్. మామూలు ఈస్ట్‌కు రెండూ ఇంచుమించు సమానంగా పనిచేస్తాయి. మాత్ర ఖరీదు ప్లేటు ఇడ్లీ కన్నా తక్కువే. గర్భిణులు మాత్ర వేసుకోకూడదు, వాళ్లకు క్లోట్రిమజోలే. ఏడాదిలో మూడు నాలుగు సార్లు వస్తుంటే వారానికో మాత్ర చొప్పున ఆరు నెలలు ఇస్తారు, అది డాక్టరు తేల్చాల్సిన విషయం.

కానీ మెడికల్ షాపులో ఏం జరుగుతుందో చూశారా? మా వీధి చివర షాపులో ఒకావిడ కౌంటర్ మీదికి వంగి గుసగుసగా ఏదో చెప్పింది. అబ్బాయి తలెత్తకుండా ఒక 'కిట్' కాగితంలో చుట్టి ఇచ్చాడు. అందులో ఫ్లుకోనజోల్‌తో పాటు అజిత్రోమైసిన్, సెక్నిడజోల్ కూడా ఉంటాయి. ఈస్ట్ ఒక్కటే ఉన్నావిడకు ఆ యాంటీబయాటిక్ ఎందుకు? దాని వల్లే వచ్చే నెల మళ్లీ ఈస్ట్ రావచ్చు.

పిన్ని సంగతికొస్తే, తను వాడే మందుల స్ట్రిప్పులు వాట్సాప్‌లో ఫొటో పెట్టమన్నాను. మూడింట్లో ఒకటి డపాగ్లిఫ్లోజిన్, రెండు నెలల క్రితం కొత్తగా రాశారట. రక్తంలోని షుగర్‌ను మూత్రంలోకి తోసేసే మందు అది. 2020లో పేటెంట్ గడువు తీరి ధర పడిపోయాక మన దగ్గర బాగా వాడకంలోకి వచ్చింది. గుండెకు, కిడ్నీకి మంచిదే, కానీ మూత్రంలో దిగే ఆ తీపి ఈస్ట్‌కు విందు భోజనం. దానికి తోడు షుగర్ కూడా ఎక్కువగానే ఉంది. ఇలాంటప్పుడు వేపచెట్టు మొత్తం కాచి పోసుకున్నా లాభం లేదు. అలాగని మందు సొంతంగా ఆపేయకూడదు.

చివరికి వెళ్లింది, లేడీ డాక్టరు దగ్గరికే. ఆవిడ ఫ్లుకోనజోల్ రాయలేదు. పిన్ని వాడే గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్రతో అది కలిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చని ఆరు రాత్రుల క్లోట్రిమజోల్ ఇచ్చింది. షుగర్ మందుల సంగతి రాసిన డాక్టరుతో మాట్లాడమంది, మూత్రానికి వెళ్లినప్పుడల్లా ఉత్త నీళ్లతో కడుక్కుని పొడిగా తుడుచుకోమంది. నాలుగో రోజుకు దురద పోయిందట.

"మరి పెరుగు?" అని అడిగింది ఫోన్లో.

"తిను పిన్నీ, అన్నంలో కలుపుకుని."

"అన్నం తగ్గించమంది కదే ఆవిడ!"