ఇంట్లో కట్టుకునే క్యాంపింగ్ ట్రైలర్: టియర్‌డ్రాప్ మేలా, విప్పి దించే పెట్టె మేలా?

ఇంటి దగ్గర సొంతంగా ట్రైలర్ కట్టుకోవాలనుకునేవారిలో చాలామంది దాని నుంచి రెండు పనులు ఆశిస్తారు. సెలవు రోజుల్లో అందులో పడుకోవాలి, మిగతా రోజుల్లో ఇసుక, కలప, పాత సామాను మోసుకెళ్లాలి. ఈ రెండూ ఒకే బండి చేయాలంటే మూడు నమూనాలు ముందుకొస్తాయి. మొదటిది టియర్‌డ్రాప్: మంచం పట్టేటంత గది, వెనుక మూత ఎత్తితే వంటగట్టు, వంపు తిరిగిన కప్పు, అన్నీ చాసిస్‌కు, అంటే అడుగు చట్రానికి, శాశ్వతంగా అంటుకుని ఉంటాయి. రెండవది నిలువెత్తు మూసిన సరుకుపెట్టె. లోపల మడతమంచం అమర్చుకోవచ్చు. మూడవది పక్కపలకలున్న మామూలు తొట్టి ట్రైలర్. దానిపై పడకపెట్టెను బోల్టులతో బిగించి, అవసరం తీరాక విప్పి దించుతారు. రెండు పనులూ నిజంగా చేయించుకునేవారికి మూడవదే మేలని నా అభిప్రాయం. దానికి ముఖ్యమైన కారణం ఇరుసు దగ్గర ఉంది.

కేవలం పడుకోవడానికి కట్టిన ట్రైలర్ బరువు ఏ ప్రయాణంలోనైనా దాదాపు ఒకేలా ఉంటుంది. నీళ్లు, సామాను కలిసి మహా అయితే ఏ 50 కిలోలో అటూ ఇటూ అవుతుంది. సరుకు మోసే ట్రైలర్ సంగతి వేరు. ఖాళీగా 200 కిలోలున్న తొట్టి, ఇసుక నింపేసరికి 700 కిలోలకు చేరుతుంది. స్ప్రింగును నిండు బరువుకు ఎంచుకోక తప్పదు కాబట్టి, ఖాళీగా వెళ్లేటప్పుడు అది వంగదు. ప్రతి గుంతలోనూ చక్రం నేల విడిచి ఎగురుతుంది, ఆ కుదుపంతా పైనున్న చెక్క అతుకులకూ మరమేకులకూ చేరుతుంది. టియర్‌డ్రాప్‌ను బరువైన సరుకుకు కూడా పనికొచ్చేలా గట్టి స్ప్రింగులపై కట్టినవారికి కొంతకాలానికి అలమర తలుపులు వదులవడం, కప్పు అంచుల్లో నీరు దిగడం మొదలవుతాయి. విప్పి దించే పెట్టె విషయంలో ఈ చిక్కు సగానికి తగ్గుతుంది. క్యాంపుకు వెళ్లేటప్పుడు ఆ పెట్టె బరువే స్ప్రింగును కొంత వంచి ఉంచుతుంది. సరుకు ఎత్తేటప్పుడు పెట్టె ఇంటి దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ బరువు మొత్తం సరుకుకే దక్కుతుంది.

ఇది చిన్న లెక్క కాదు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ పలక ఒక్కొక్కటి సుమారు 20 కిలోలు తూగుతుంది. ఆరు పలకలకే 120 కిలోలవుతుంది. యూరప్ దేశాల్లోనూ ఆస్ట్రేలియాలోనూ మొత్తం బరువు 750 కిలోలు దాటే ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలన్న నిబంధన ఉంది. ఆ హద్దులోపే ఉండాలనుకుంటే, శాశ్వతంగా మోసే ప్రతి కిలో సరుకు నుంచి కోసుకున్నదే.

మరి ఆ ఇరుసుకు ఏ స్ప్రింగు మేలు? సాధారణంగా పోటీ ఉక్కు పట్టీలను పొరలుగా పేర్చిన కమాను కట్టలకూ, చదరపు గొట్టంలో రబ్బరు కడ్డీలు నలిగి పనిచేసే టార్షన్ ఇరుసుకూ మధ్య ఉంటుంది. టార్షన్ ఇరుసులో చక్రాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కదులుతాయి, ట్రైలర్ కాస్త కిందికి కూర్చుంటుంది, చప్పుడు తక్కువ, అరిగే బుష్‌లు (కదిలే అతుకుల్లోని చిన్న గొట్టాలు) లేవు. బరువు మారని టియర్‌డ్రాప్‌కు అది చక్కగా సరిపోతుంది. కానీ రబ్బరు వయసుతో గట్టిపడుతుంది, ఒకసారి పాడైతే విప్పి బాగుచేయడం కుదరదు, ఇరుసు మొత్తం మార్చాలి. పైగా దానిని ఒక నిర్ణీత బరువుకు ఎంచుకుని కొనాలి. ఆ బరువులో మూడో వంతు కూడా లేనప్పుడు అది కర్రలా ఉంటుంది. కమాను కట్టలో ఒక పట్టీ విరిగితే ఆ కట్టనే మార్చుకోవచ్చు. బరువు పెరిగేకొద్దీ అడుగు పట్టీ కూడా ఆనుకుని గట్టిపడే రెండంచెల కట్టలు దొరుకుతాయి. ఖాళీకీ నిండుకూ మధ్య తేడా ఎక్కువున్న బండికి కావలసిన గుణం అదే. కట్ట కొసను చాసిస్‌కు కలిపే షాకిల్ బుష్‌లకు అప్పుడప్పుడు గ్రీజు పెట్టే శ్రమ తప్పదు, నడక టార్షన్ అంత మెత్తగానూ ఉండదు. అయినా రెండు పనుల ట్రైలర్‌కు నేను కమాను కట్టలనే సూచిస్తాను.

చాసిస్‌కు ఉక్కా, అల్యూమినియమా అన్న ప్రశ్నలో మాత్రం వాదన అంత సాగదు. అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతే అయినా, వంగకుండా నిలిచే గుణం కూడా మూడో వంతే. అదే కొలత గొట్టం మూడింతలు వంగుతుంది కాబట్టి ఎత్తైన గొట్టం వాడక తప్పదు. 50 మిల్లీమీటర్ల చదరం, 3 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు గొట్టం మీటరుకు సుమారు నాలుగున్నర కిలోలు. ఇరవై మీటర్ల చాసిస్‌లో అల్యూమినియానికి మారి, గొట్టం ఎత్తు పెంచాక మిగిలే ఆదా 40, 50 కిలోలు. దానికి బదులుగా వెల్డింగు పక్కన లోహం బలం మూడో వంతుకు మించి పడిపోతుంది. ఉక్కు బోల్టు తగిలిన చోట తడి చేరితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. ఆగకుండా కుదుపులు తినే చోట అల్యూమినియం ఎంత తక్కువ ఒత్తిడిలోనైనా చివరికి పగుళ్లిచ్చే అవకాశం ఉంటుంది. ఇంటి దగ్గర వెల్డింగు చేసేవారికి ఉక్కే తగినది. తుప్పు పట్టకుండా జింకు పూత వేసే గాల్వనైజింగ్‌కు పంపేటట్లయితే మూసిన గొట్టాలకు ముందే రంధ్రాలు వేయాలి, లేకుంటే వేడి జింకు తొట్టిలో లోపలి గాలి, తేమ వ్యాకోచించి గొట్టం పేలుతుంది. ఇరుసుకూ డ్రాబార్ (కారు వైపు సాగే లాగుడు కడ్డీ) ముందు కొసకూ మధ్య ప్రధాన గొట్టాల దిగువ ముఖానికి అడ్డంగా వెల్డింగు వేయకూడదు. బరువుకు గొట్టం వంగినప్పుడు సాగదీసే ఒత్తిడంతా అక్కడే ఉంటుంది, పగులు అక్కడే పుడుతుంది.

మూసిన సరుకుపెట్టె గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. వానకు తడవదు, తాళం పడుతుంది, లోపల నిలబడవచ్చు. అయితే గాలి నిరోధం ముందుభాగం వైశాల్యంతో పాటు, వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఇంధనం గట్టిగా తాగుతుంది, ఇసుకను పారతో పైనుంచి నింపడానికీ వీలుండదు. చెక్కపని సామాను మోసేవారికి తప్ప దానిని సూచించలేను.

బరువు సర్దుబాటులోనూ తొట్టిదే పైచేయి. ఎడ్లబండిలో బస్తాలన్నీ వెనక్కి పేరిస్తే కాడి పైకి లేచినట్లే, ఇరుసు వెనుక బరువు పెరిగితే ట్రైలర్ ముక్కు తేలికవుతుంది. కారు వేగం పెరిగినప్పుడు వెనుక భాగం అటూ ఇటూ ఊగడం అక్కడే మొదలవుతుంది. మొత్తం బరువులో దాదాపు పదో వంతు హిచ్ (ట్రైలర్‌ను కారుకు తగిలించే కొక్కెం) మీద పడేలా సర్దుకోవడం చాలాచోట్ల పాటించే లెక్క. అయితే కారు తయారీదారు చెప్పిన హద్దు దానికంటే తక్కువైతే ఆ హద్దునే అనుసరించాలి. టియర్‌డ్రాప్‌లో వంటగట్టు, దాని సామాను వెనుకే ఉంటాయి కాబట్టి ఇరుసును మొదటినుంచే వెనక్కి జరిపి కట్టాలి. తొట్టిలోనైతే సరుకును ముందుకు జరుపుకుంటే చాలు.

విప్పి దించే పెట్టెకున్న అసలు కష్టం దానిని దించడమే. 150 కిలోల పెట్టెను ఇద్దరు ఎత్తలేరు. నాలుగు మూలలకూ ఎత్తు పెంచే కాళ్లు బిగించి, వాటిపై పెట్టెను లేపి, కిందనుంచి ట్రైలర్‌ను ముందుకు లాగేయడం తేలికైన పద్ధతి. ఆ కాళ్లు చక్రాలకూ మడ్‌గార్డులకూ బయట ఉండేలా వెడల్పు ముందే లెక్కించుకోవాలి. పెట్టె అడుగుకూ తొట్టి అంచుకూ మధ్య రబ్బరు పట్టీ, బిగింపుకు కనీసం ఆరు చోట్ల బోల్టులు అవసరం. రాత్రి ఇద్దరి ఊపిరితోనే గోడలు చెమ్మగిల్లుతాయి కాబట్టి ఎదురెదురుగా రెండు గాలి రంధ్రాలు విడవాలి, పొయ్యిని మాత్రం ఎప్పుడూ పెట్టె బయటే వెలిగించాలి.

ఏడాదికి రెండు మూడుసార్లకు మించి సరుకు మోయని ఇంటికి, దించే పెట్టెను ఆనించి ఉంచడానికి నీడ లేని ఇంటికి ఈ లెక్క తిరగబడుతుంది. అప్పుడు టార్షన్ ఇరుసుపై తేలికపాటి టియర్‌డ్రాప్ కట్టుకుని, ఆ అరుదైన సరుకుకు తొట్టి ట్రైలర్‌ను అద్దెకు తెచ్చుకోవడమే చవక.