రిచీ స్ట్రీట్ యూఎస్‌బీ మైక్రోస్కోపు: దీవుల తుంగలను గుర్తించడానికి ఎంతవరకు పనికొస్తుంది?

చెన్నై రిచీ స్ట్రీట్ కొట్లలో రెండు వేల రూపాయలకు అటూ ఇటూగా ఒక యూఎస్‌బీ మైక్రోస్కోపు దొరుకుతుంది. డబ్బా మీద ఏ పేరున్నా లోపలి సరుకు దాదాపు ఒకటే. చిన్న గొట్టం, దాని మూతి చుట్టూ ఎనిమిది ఎల్‌ఈడీలు, నడుమ ఫోకస్ చక్రం, వైరు మీద వెలుతురు తగ్గించే చక్రం, ఒక స్టాండు. దీన్ని ఒకే ఒక్క పనికి పెట్టి తూచాం: ఉష్ణమండల దీవుల చిత్తడి నేలల్లో పెరిగే ఎలియోకారిస్ తుంగలను జాతి దాకా గుర్తించడం. అండమాన్ నుంచి నొక్కి ఎండబెట్టిన నమూనాలు చెన్నైకి చేరాక వాటి ముందు కూర్చునేవాళ్ల కోసం ఈ సమీక్ష.

తీర్పు ముందే చెప్పేస్తాం. బల్ల మీద పనికైతే కొనండి. మొక్కలు కోసే చోటికి మాత్రం పది రెట్ల చేతి లెన్సే తీసుకెళ్లండి.

ఎలియోకారిస్ అని తేల్చడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఆకులు ఉండవు, కాడ అడుగున తొడుగులు మాత్రమే మిగులుతాయి. కాడ కొసన ఒక్కటే కంకి, దాని కింద ఆకులాంటి పత్రం ఉండదు. కంకి పక్కకి అతికినట్టు ఉండి, దాన్ని దాటి కాడ పైకి సాగినట్టు కనిపిస్తే అది షీనోప్లెక్టస్ అనే మరో తుంగ ప్రజాతి వైపు మొక్క. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఈ ప్రజాతిలో 250కి పైగా జాతులున్నాయి. వాటి మధ్య తేడాల్లో ఎక్కువ భాగం మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉండే గింజ మీదే ఉంటాయి: గింజ రెండు వైపులా ఉబ్బిందా, మూడు పలకలుగా ఉందా, పైన నునుపా, గళ్లా, నెత్తిన మిగిలిన బొడిపె ఎంత వెడల్పు, గింజ చుట్టూ వెంట్రుకల్లాంటి పోచలెన్ని, ఏ రంగు. కీలం (అండాశయం మీద నిలిచే సన్నటి కాడ) అడుగు భాగం రాలిపోకుండా గింజ నెత్తిన నిలిచిపోవడం వల్ల ఏర్పడేదే ఆ బొడిపె. ఫింబ్రిస్టైలిస్ అనే మరో తుంగ ప్రజాతిలో అది కీలంతో పాటే ఊడిపోతుంది. బల్బోస్టైలిస్ అనే ఇంకో ప్రజాతిలో నిలుస్తుంది గానీ, దానికి దారాల్లాంటి ఆకులు ఉంటాయి కాబట్టి పొరపడే అవకాశం తక్కువ.

ఇప్పుడు పరికరం సంగతి. డబ్బా మీది '1000 రెట్లు' అన్న అంకెను పట్టించుకోవద్దు. అది బొమ్మను పెద్ద తెర మీద సాగదీసి వేసిన లెక్క. నిజానికి ఇందులో పనికొచ్చే స్థానాలు రెండే. గొట్టాన్ని నమూనాకు కొన్ని సెంటీమీటర్ల ఎత్తులో ఉంచితే కంకి మొత్తం కనిపిస్తుంది. మూతి దాదాపు ఆనేటట్టు దించి చక్రం తిప్పితే గింజ ఒక్కటే తెర నిండుతుంది. ఈ రెండింటి నడుమ ఎక్కడా ఫోకస్ కుదరదు. చాలామంది పరికరం పాడైందనుకుని వెనక్కి ఇచ్చేది ఇక్కడే. అది పాడవడం కాదు, దాని తీరే అంత.

కొనే ముందు కొట్లోనే ఒక పరీక్ష చేయండి. వంద నోటు మీది సూక్ష్మాక్షరాలను చూపించమనండి. తెర నడుమనే కాక నాలుగు మూలలా అక్షరాల అంచులు విడివిడిగా కనిపించాలి. డబ్బా మీద 2 మెగాపిక్సెల్ అని ఉన్నా లోపల 640×480 సెన్సరే పెట్టి బొమ్మను ఉబ్బించి చూపించేవి ఉన్నాయి. వాటిలో అక్షరాలు మసకగా, చుట్టూ రంగు అంచులతో వస్తాయి. అలాంటిది వద్దు. కంప్యూటర్‌లో మామూలు కెమెరా యాప్‌తోనే పనిచేస్తే మంచిది. సీడీలో వచ్చే సాఫ్ట్‌వేర్ అవసరం లేదు.

అన్నిటికన్నా పెద్ద లోపం వెలుతురు. ఎల్‌ఈడీలు నేరుగా కొడతాయి. ఎలియోకారిస్ జెనికులాటా గింజ పండాక నల్లగా నిగనిగలాడుతుంది. దాని మీద ఎనిమిది తెల్లచుక్కలు పడి పైతలం ఏమీ తెలియదు. రెండు సెంటీమీటర్ల వెడల్పున బటర్ పేపర్ ముక్క కత్తిరించి మూతి చుట్టూ ఒక్క పొరే చుట్టండి, వెలుతురును సగానికి తగ్గించండి, పక్కనుంచి ఒక టేబుల్ ల్యాంపు వేయండి. చుక్కలు పోతాయి. గళ్లు, గీతలు ఉన్న గింజలకైతే ఎల్‌ఈడీలు పూర్తిగా ఆర్పి, ల్యాంపును బాగా కిందికి వంచి పక్కవాటుగా వేస్తేనే మంచిది. ఎలియోకారిస్ రెట్రోఫ్లెక్సా మూడు పలకల గింజ మీది వల లాంటి గళ్లు అప్పుడే తేలుతాయి.

స్టాండు తేలిక. గొట్టం మీది ఫొటో బటన్ నొక్కితే బొమ్మ కదులుతుంది. నొక్కకండి, కీబోర్డుతోనే తీయండి. స్టాండు పీట కింద బరువైన ఇనుప పలక పెడితే ఊగడం చాలావరకు తగ్గుతుంది.

కొలతల విషయంలో యంత్రం చెప్పే అంకెలను అసలు నమ్మొద్దు. సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని రెట్లో మీరే టైపు చేయాలి, అది ఊహే అవుతుంది. అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలును గింజ ఉన్న ఎత్తులోనే పెట్టి, ఫోకస్ చక్రం ముట్టకుండా ఒక ఫొటో తీసుకోండి. చక్రం కదిలిన ప్రతిసారీ స్కేలు ఫొటో మళ్లీ తీయాల్సిందే. దీన్ని బద్ధకించినప్పుడే 0.5 మిల్లీమీటర్ల గింజ 0.8 అవుతుంది. అంత తేడాతో ఎలియోకారిస్ అట్రోపర్పురియా, జెనికులాటా అనే రెండు జాతులు తారుమారవుతాయి.

గింజను సిద్ధం చేయడం పరికరం కన్నా ముఖ్యం. కంకిని గోరువెచ్చని నీళ్లలో, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి, గింజలను కప్పే పొలుసులు మెత్తబడేదాకా నాననివ్వండి. ఎలియోకారిస్ కంకి కింది నుంచి పైకి పండుతుంది. కొసన ఉన్న గింజలు పచ్చివి, అడుగున ఉన్నవి తరచూ అప్పటికే రాలిపోయి ఉంటాయి. అందుకే నడిమి భాగం నుంచి, ఇన్సులిన్ సూదితో పొలుసును బయటికి వంచి గింజను పోచలతో సహా లేపండి. పోచలు తేలిగ్గా విరుగుతాయి. కాబట్టి ఒక గింజను చూసి లెక్క రాయకండి, అయిదారింటిని చూసి అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన అంకె తీసుకోండి. గోధుమ పోచలకు తెల్ల అట్ట, తెల్ల పోచలకు నల్ల అట్ట వేయాలి. పోచల మీది కొక్కేలు వెనక్కి వంగి ఉండటం దగ్గరి ఫోకస్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ పనిలో రెండు వేల రూపాయల పరికరం మంచి మార్కులే కొట్టేసింది.

జెనికులాటా ఉష్ణమండలమంతటా ఉంది, చెన్నై చెరువుల అంచుల్లోనూ దొరుకుతుంది. దీవుల నమూనాల జోలికి పోయే ముందు చేయి తిరగడానికి ఇదే మంచి మొక్క. పిలక తీగలు లేని దుబ్బు, కురచ గుండ్రటి కంకి, రెండు కీలాగ్రాలు (కీలం కొసన చీలికలు), రెండు వైపులా ఉబ్బిన ఒక మిల్లీమీటరు నల్లగింజ, తెల్లటి చిన్న బొడిపె, గోధుమ పోచలు. పాత పుస్తకాల్లో కాపిటాటా అన్న పేరు కింద ఉన్నది చాలాసార్లు ఇదే. గింజ పచ్చిగా ఉన్నప్పుడు పసుపు గోధుమ రంగులో ఉంటుంది, దాన్ని చూసి వేరే జాతి అనుకోవద్దు. అట్రోపర్పురియా కాడలు దారాల్లా సన్నం, గింజ నల్లదే గానీ అర మిల్లీమీటరు, పోచలు తెల్లగా పొట్టిగా ఉంటాయి లేదా అసలుండవు. చెన్నైలోని పళ్లికరణై నుంచి మాత్రం కోయకండి. అది 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడుల రామ్‌సార్ జాబితాలో చేరిన నేల, అటవీశాఖ అనుమతి లేకుండా చెంచాడు మట్టి కూడా తీయకూడదు.

పెద్ద జాతుల దగ్గర ఈ మైక్రోస్కోపుకు దాదాపు పనే లేదు. ఎలియోకారిస్ డుల్సిస్ కాడ గుండ్రంగా, లోపల డొల్లగా, అడ్డుపొరలతో ఉంటుంది. వేళ్ల మధ్య నొక్కుతూ పైకి జరిపితే పొరపొరకూ చేతికి తగులుతుంది, ఎండాక అడ్డగీతలుగా బయటపడుతుంది. ఎలియోకారిస్ అక్యుటాంగులా కాడకు మూడు పదునైన అంచులుంటాయి, అడ్డుపొరలు మాత్రం ఉండవు. కాడను బ్లేడుతో అడ్డంగా కోసి చేతి లెన్సుతో చూస్తే నిమిషంలో తేలిపోయేదానికి వైరు చుట్టలు విప్పడం దండగ. డుల్సిస్ అంటే టిన్నుల్లో వచ్చే చైనా నీటి దుంప (వాటర్ చెస్ట్‌నట్) మొక్కే. ఫిజీలో దీన్ని కూట అంటారు, దీని కాడలతో చాపలు అల్లుతారు. అంత తెలిసిన మొక్క కూడా దుంప లేకుండా, కంకి ఒక్కటే కవర్లో వేసి పంపితే అనుమానంగా మిగిలిపోతుంది.

ఈ పరికరం మోసే భారం ఇంతే. కోసినవాళ్లు వేరు వదిలేసి, పండని కంకి తెస్తే, ఎన్ని వేలు పోసి కొన్న మైక్రోస్కోపూ ఏమీ చేయలేదు. దీవులకు వెళ్లేవాళ్లకు ముందే చెప్పండి: మొక్కను మట్టితో సహా పెకలించాలి, నేలలోని కొమ్ము, పిలక తీగ, దుంప ఉంటే అవీ కావాలి, కాడ ఒక ముక్కను నొక్కకుండా గుండ్రంగానే ఎండబెట్టాలి, నీటి లోతు, నీరు ఉప్పగా ఉందా లేదా రాయాలి. 2004 సునామీ భూకంపంతో దక్షిణ అండమాన్‌లో నేల కుంగి, సిప్పీఘాట్ లాంటి చోట్ల పొలాలు ఉప్పునీటి చిత్తడులయ్యాయి. అలాంటి చోటి నుంచి వచ్చిన నమూనాకు ఉప్పు సంగతి రాయకపోతే సగం సమాచారం పోయినట్టే.

దీన్నే దీవులకు పట్టుకెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. ఓటీజీ వైరుతో ఫోనుకు తగిలిస్తే పనిచేస్తుంది గానీ ఎల్‌ఈడీలు ఫోను బ్యాటరీని తినేస్తాయి. అక్కడి తేమకు లెన్సు మీద బూజు పడుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, పొట్లాలను అప్పుడప్పుడు మార్చండి.