చేనేత దర్రీల పేరుతో మోసం: వరంగల్ చూడడానికి వెళ్ళేవారు జాగ్రత్త

వరంగల్ కోట చూసి, పనిలో పనిగా నేతకారుల పేట కొత్తవాడలో దర్రీలు (నేల మీద పరిచే జంపఖానాలు) కొనుక్కుందామని అనుకుంటున్నవారు ఇది చదివి బయలుదేరండి. కొత్తవాడ చేనేత అని చెప్పి మాకు మరమగ్గం సరుకు అంటగట్టారు. రెండింటికి కలిపి 3,600 రూపాయలు. మొదటిసారి నీళ్ళలో వేయగానే ఎర్ర రంగంతా బకెట్టులోకి దిగింది.

మాది తాడ్వాయి వైపు పల్లె. ఊరు దాటి ఉండాలంటే నాకు ఊపిరాడదు. మిర్చి బస్తాలతో ఏనుమాముల మార్కెట్‌కు, ఒంట్లో బాగా లేకపోతే ఆసుపత్రికి తప్ప వరంగల్‌తో నాకు పని పడలేదు. నగరం చూడడానికని వెళ్ళడం ఇదే మొదలు, అదీ మా ఆవిడ పట్టుబట్టడం వల్ల. హనుమకొండ చౌరస్తాకు చేరేసరికి హారన్ల మోతకు తల దిమ్మెక్కింది. దారి అడిగితే నడుస్తూనే చేయి చూపించి వెళ్ళిపోతున్నారు. ఏ ఊరు, ఎవరింటికి వచ్చారు అని అడిగే నాథుడు లేడు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో కూర్చున్నాక గానీ ఆ మోత చెవుల్లోంచి పోలేదు.

కోట మాత్రం నాకు నచ్చింది. మట్టికోట గోడ దాటి లోపలికి వెళితే ఇళ్ళున్నాయి, పంట చేలున్నాయి. కాకతీయుల తోరణాలు చూడమని తీసుకెళ్ళిన మా ఆవిడే ఒక చేను గట్టున నిలబడి ఏ మందు కొట్టారో ఆరా తీయడం మొదలుపెట్టింది. నగరం నడుమ ఇలాంటి చోటు ఉంటుందని నేను అనుకోలేదు.

కథంతా కోట బయట ఆటో ఎక్కాక జరిగింది. డ్రైవరు మొదటి మాటే "ఏ ఊరన్నా?" అన్నాడు. చెప్పగానే, మా చెల్లెను అటువైపే ఇచ్చాం, మేడారం జాతరకు మీ ఊరి మీదుగానే వస్తాం అన్నాడు. పొద్దుటి నుంచి పలకరింపుకు మొహం వాచి ఉన్నాం, ఇంకేం కావాలి! కొత్తవాడకు పోనిమ్మంటే, అక్కడ సందులన్నీ తవ్వి పెట్టారు, అదే సరుకు సగం ధరకు దొరికే దుకాణం మా వాళ్ళదే ఉంది అని ఇంకోవైపు తిప్పాడు. దుకాణదారు "అక్కా, కూర్చోండి" అంటూ టీ తెప్పించాడు. గోడకు మగ్గం ఫోటో. 5,000 చెప్పి, మన వైపు వాళ్ళు కాబట్టి అని 3,600కు దించాడు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద అంకె వేసి ఇచ్చాడు. మేం బయటికి వచ్చాక డ్రైవరు ఏదో మరచిపోయినట్టు మళ్ళీ లోపలికి వెళ్ళి వచ్చాడు. అతనికి ఎంత ముట్టిందో మరి. చేయి చూపించి వెళ్ళిపోయినవాళ్ళందరూ ఆ రోజు మాకు సరైన దారే చూపించారు.

మా బావమరిదికి తెలిసిన నేతకారుడొకరు ఆ దర్రీలు తిరగేసి చూసి వివరంగా చెప్పాడు. డిజైన్‌ను నేతలోనే తెచ్చిన దర్రీకి రెండు వైపులా అదే బొమ్మ, అదే రంగు కనిపిస్తాయి. మా వాటికి వెనుక వైపు వెలిసిపోయినట్టు ఉంది, అంటే పైన అచ్చు వేశారు. అచ్చు దర్రీలు వరంగల్‌లో నిజంగానే తయారవుతాయి, వాటిలో తప్పేమీ లేదు. అచ్చును నేత అని చెప్పి నేత ధర గుంజడమే మోసం.

దారం కాల్చి చూడడం ఇంకా తేలిక. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. సింథటిక్ అయితే కరిగి, చల్లారాక గట్టి పూస కడుతుంది. చివర కుచ్చుల్లో వేలాడేది పడుగు (నిలువు) దారం, దాన్ని ఒక్కదాన్నే కాల్చి తృప్తిపడవద్దు. పక్క అంచు నుంచి పేక (అడ్డం) దారం కూడా లాగి చూడండి. మా దర్రీల్లో పడుగు నూలే, పేక పూస కట్టింది! తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దితే రంగు సంగతి అక్కడికక్కడే తెలుస్తుంది. ఇవేవీ చేయనివ్వని దుకాణంలో టీ తాగి వచ్చేయండి.

వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ పేరుకున్న గిరాకీయే ఇలాంటివాళ్ళకు పెట్టుబడి. చేనేత అన్నవాళ్ళను చేనేత గుర్తు (హ్యాండ్‌లూమ్ మార్క్) ఉన్న లేబుల్ చూపించమనండి. కొత్తవాడలోని నేత సహకార సంఘాల దగ్గరికో, ప్రభుత్వ చేనేత షోరూమ్‌కో నేరుగా వెళ్ళండి. డ్రైవరు కొత్తవాడకు రానంటే దిగి ఇంకో ఆటో ఎక్కండి.

వాపసు ఇవ్వడానికి వెళితే, టీ తెప్పించిన మనిషే "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూపించాడు. ఆ బోర్డుకు భయపడనక్కర లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువేదీ రాయనప్పుడు లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. ఫిర్యాదు కోసం వరంగల్ చుట్టూ తిరగనవసరం లేదు, మనం నివసించే చోటు ఏ వినియోగదారుల కమిషన్ పరిధిలోకి వస్తే అక్కడే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు, రెండేళ్ళ గడువుంది. బిల్లు మీద దుకాణం పేరుతో పాటు "చేనేత", "నూలు" అని రాయించుకోండి. డబ్బు ఫోన్‌లోనే చెల్లించండి, కాగితం లేకపోయినా ఆ లెక్క మిగులుతుంది. మాకిప్పుడు ఉన్న ఆధారం అదొక్కటే. దానితోనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.