చిత్తూరులో కొన్న పెద్దక్షరాల బైబిలు: ఆరు నెలలు చదివాక

చిత్తూరు హైరోడ్డులో ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణం నుండి ఆరు నెలల కిందట 940 రూపాయలకు పెద్ద అక్షరాల తెలుగు బైబిలు కొన్నాను. అటువంటిది కొనాలనుకునే వారికి పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నాకు 58 ఏళ్లు. పాత బైబిలులో ఒత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపించేవి. ఇందులో దీపం వెలుగులో కూడా విడివిడిగా తెలుస్తున్నాయి. అయితే అక్షరాల కోసం వెళ్లిన నేను అక్కడున్న మూడు రకాల్లో దీనినే ఎంచుకోవడానికి కారణం, రాసుకోవడానికి ప్రతి పుటకూ రెండు వేళ్ల వెడల్పున వదిలిన ఖాళీ అంచు.

యేసు ప్రభువును నమ్మి రక్షణ పొందక ముందు పద్నాలుగేళ్లు నేను ఒక బెల్లం మండీలో కాటా వేసేవాణ్ణి. రైతు బండి దించుకుని చెమట తుడుచుకునేలోగా, కాటా పళ్లెం కింద పాదం ఆనించి ప్రతి తూకానికీ కిలో, కిలోన్నర తగ్గించేవాణ్ణి. అలా మిగిలిన డబ్బు సారాకే పోయేది. దొంగత్రాసు దేవునికి హేయమని చెప్పే సామెతలు 11:1 పక్కన ఇప్పుడు పెన్సిలుతో ‘నా ఎడమ పాదం’ అని రాసి ఉంది. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్న లూకా 19:8 పక్కన, నేను వెతికి కలుసుకోగలిగిన ముగ్గురు రైతుల ఊళ్ల పేర్లు ఉన్నాయి. వారిలో ఒకాయన డబ్బు ముట్టుకోలేదు, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు.

దేవుడే మన పాపాలను ఇక జ్ఞాపకం చేసుకోనన్నప్పుడు మనం వాటిని తవ్వుకోవడం ఎందుకని సంఘంలో కొందరు సోదరులు అడుగుతుంటారు. ఆయన ఆ మాట అన్నది మనపై శిక్ష మోపనని చెప్పడానికి. ఎఫెసీ సంఘానికి రాసిన పత్రిక రెండో అధ్యాయంలో, క్రీస్తుకు దూరంగా ఉన్న కాలాన్ని మరువవద్దని పౌలు విశ్వాసులకు ఆజ్ఞాపించాడు. తిమోతికి రాసిన మొదటి పత్రికలో తాను పూర్వం దూషకుడినని చెప్పిన ఆయన, రెండు వచనాల తర్వాత పాపులలో ప్రధానుడను అంటాడే గాని, ప్రధానుడిగా ఉండేవాడిని అనడు. లూకా ఏడో అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానంలో ఒకరి 500 దేనారాల (ఆనాటి రోమా నాణేల) అప్పు, మరొకరి 50 దేనారాల అప్పు రెండూ మాఫీ అయ్యాయి. ఎక్కువ ప్రేమించినవాడు తన బాకీ ఎంతో మరువనివాడే. తాము మారిన తీరును సంఘంలో సాక్ష్యంగా చెప్పేటప్పుడు పాత పాపాలను గంటసేపు రసవత్తరంగా వర్ణించి, యేసు ప్రభువు చేసిన మేలును చివరి నిమిషంలో ముగించే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. అందుకే అంచులో రెండు మూడు మాటలు చాలునని నా అభిప్రాయం.

లోపాలు కూడా చెప్పాలి. కాగితం చాలా పలుచన కావడంతో జెల్ పెన్ను సిరా వెనక పుటకు దిగుతుంది. కీర్తనలలో రెండు పుటలు నేనే అలా పాడుచేసుకున్నాను. అట్టకున్న జిప్పు నెలలోనే పట్టేసింది, కానీ దుకాణం వారు ఒక్క రూపాయి కూడా అడగకుండా వేరే ప్రతి ఇచ్చి, నేను అప్పటికి రాసుకున్నవన్నీ కొత్తదానిలోకి ఎక్కించుకునే వరకు పాతది నా దగ్గరే ఉంచుకోమన్నారు. పుస్తకం బరువు కాబట్టి బస్సులో ఆరాధనకు వెళ్లేవారు భుజానికి తగిలించుకునే సంచీ చూసుకోవడం మంచిది. కొనేముందు దుకాణంలోనే జిప్పును నాలుగైదు సార్లు లాగి చూడండి. రాసుకోవడానికి మెత్తని పెన్సిలు వాడండి.