బైబిలు స్త్రీ కోసం భీమిలి దాకా

మా అమ్మమ్మకు తల్లి, మా తాతమ్మ, బైబిలు స్త్రీ. 1910ల్లో కెనడియన్ బాప్టిస్టు మిషను తరఫున భీమిలి చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు అక్షరాలూ వాక్యమూ చెప్పిందని ఇంట్లో అనుకోవడమే తప్ప ఆధారం ఏదీ లేదు. ఘోషా ఇళ్ళలో పాదిరికి ప్రవేశం లేదు. ఆ గడప దాటింది ఈ స్త్రీలే. ఆమె జాడ కోసం జనవరిలో మూడు రోజులు విశాఖ వెళ్ళాను.

జగదాంబ సెంటరు దగ్గర ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రమే కానీ, రోజంతా ఉంటాయన్న వేడినీళ్ళు పొద్దున ఒక్క గంటే వచ్చాయి. అక్కడి నుంచి వన్‌టౌన్‌కు ఆటోలో వెళ్ళడం తేలిక. లండన్ మిషను వాళ్ళు 1805లో విశాఖలో పని మొదలుపెట్టారు. ఆ మిషను పాదిరి డెస్ గ్రాంజెస్, క్రైస్తవం పుచ్చుకున్న బ్రాహ్మణుడు ఆనందరాయర్ కలిసి తెలుగు చేసిన సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. కురుపాం మార్కెట్ దగ్గరి పాత యూరోపియన్ల సమాధుల తోటలో రెండు గంటలు రాళ్ళు చదివాను. దొరలు, దొరసానులు, వాళ్ళ పసిబిడ్డలు కనిపించారు. నేను చదివిన వాటిలో తెలుగు ఆడపేరు ఒక్కటీ లేదు. చాలా బాధేసింది.

భీమిలికి 900కె బస్సు ఎక్కండి, కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఊరు దాటాక చాలా దూరం సముద్రం కనిపిస్తుంది. డచ్చివారి సమాధులు చూడదగ్గవే, నేను మాత్రం ఆగలేదు.

భీమిలి చర్చి పాస్టరుగారికి ముందే ఉత్తరం రాశాను కాబట్టి సంఘ సభ్యుల పాత రిజిస్టరు తీసి ఉంచారు. అంచులు పురుగు కొట్టేసింది, సిరా గోధుమరంగుకు తిరిగింది. వరసగా వేలిముద్రలు, వాటి మధ్య ఒక సంతకం. ఒక్కో అక్షరం విడివిడిగా, నొక్కి రాసింది. పక్కన ‘బై. స్త్రీ’ అనీ, ఆమె తిరిగే నాలుగు పల్లెల పేర్లూ ఉన్నాయి. చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. పాస్టరుగారు తొందరపెట్టలేదు, టీ తెప్పించారు.

ఇలాంటి పని మీద వచ్చేవారు విశాఖలో కాక భీమిలిలోనే ఒక రాత్రి ఉండడం మేలు. చీకటి పడకముందే బస్సు పట్టుకోవాలన్న తొందరలో ఆ నాలుగు పల్లెలూ చూడకుండానే తిరిగి వచ్చాను. వచ్చే సంక్రాంతికి అమ్మను వెంటబెట్టుకుని నేరుగా అక్కడికే వెళ్తాను.